సంతకం నాది, ముద్ర ఆయనది

మా కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. విదేశాలకు వెళ్ళే సరుకు ఏదైనా సరే, ఆ కాగితాల మీద సంతకం నాది, ముద్ర ఆయనది. సంతకం ఉండి ముద్ర లేకపోయినా, ముద్ర ఉండి సంతకం లేకపోయినా డ్రమ్ములు గేటు దాటకూడదు. నేను ఎగుమతి కాగితాలు చూసే మేనేజర్‌ని. ఆయన స్టోర్స్ చూసే మనిషి. ఇప్పుడు ఆయన ఆ ఉద్యోగంలో లేరు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉందనగా, అబద్ధాలకోరు అన్న పేరు పెట్టి పంపించేశారు. ఆ అబద్ధం ఆయనది కాదు, నాది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి చెబితే అదో నాటకంలా ఉంటుంది, నాటకాలు నేను ఇప్పటికే చాలా ఆడాను.

మాది గోదావరి వైపు. పెళ్ళైన కొత్తలో ఇటు వచ్చాం, మచ్చ బొల్లారంలో ఇల్లు కట్టుకున్నాం. పొద్దున ఏడింటికల్లా కంపెనీ క్యాబు మా వీధి మలుపులో ఆగుతుంది. తూంకుంట దాటి, శామీర్‌పేట చెరువు పక్కగా తుర్కపల్లిలో మా కంపెనీ చేరేలోపు ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంటా మాట్లాడేది నేనే. మిగతావాళ్ళు చెవుల్లో వైర్లు పెట్టుకుని నిద్రపోవాలని చూసేవాళ్ళు. పాపం, నేను పోనిచ్చేదాన్ని కాదు. ఏ దేశం ఏ దేశం మీద బాంబులేసిందో, ఏ నాయకుడు ఎవరి మెడలు ఎలా వంచాడో పొద్దున్నే చెప్పకపోతే నాకు తోచేది కాదు. అధికారం ఉన్నవాళ్ళకు సిగ్గుండదని, చిన్న దేశాలకు వెన్నెముక ఉండదని, నేనైతే ఎవడి మాటా విననని తెగ కోతలు కోసేదాన్ని. తలుచుకుంటే ఇప్పుడు చెవులు కాలిపోతాయి.

అలా కోయడానికి నాకో కారణం ఉండేది. మేం తయారుచేసే రసాయనాల్లో ఒకటి మందుబిళ్ళల తయారీకి పనికొస్తుంది. అదే సరుకు వేరే రకం మనుషుల చేతిలో పడితే విషవాయువు తయారీకీ పనికొస్తుంది. అందుకని చాలా దేశాలు కూర్చుని అలాంటివాటికి ఒక జాబితా రాసుకున్నాయి. మా సరుకు ఆ జాబితాలో ఉంది. దాన్ని బయటికి పంపాలంటే, కొనేవాడు ఎవడో తెలిస్తే చాలదు, ఆఖరికి వాడేవాడు ఎవడో, ఎందుకు వాడతాడో కంపెనీ తెలుసుకుని తీరాలి. తెలుసుకున్నామని ప్రభుత్వానికి ఉత్తరం ఇవ్వాలి. ఆ తెలుసుకోవడమే నా పని. ఫోన్లు చేసేదాన్ని, ఫ్యాక్టరీ ఫోటోలు అడిగేదాన్ని, వాళ్ళేం తయారు చేస్తారో జాబితా తెప్పించేదాన్ని. నచ్చకపోతే తిప్పి కొట్టేదాన్ని. ఇంట్లో మా ఆయన నన్ను ఆటపట్టించేవాడు. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, "విదేశాంగ మంత్రి గారొచ్చారు, కాఫీ పెట్టండర్రా" అని పిల్లల్ని కేకేసేవాడు. పైకి విసుక్కునేదాన్ని గానీ లోపల మహా సంతోషంగా ఉండేది.

స్టోర్స్ చూసే ఆయన శామీర్‌పేట అవతలి ఒక ఊరి మనిషి. చేపలు పట్టే కుటుంబం. అరవైకి దగ్గర పడ్డారు. చదివింది పదో తరగతి. మా వైపైతే బాబాయ్ గారూ అనేదాన్ని, ఇక్కడ అలవాటైన పిలుపు అన్నా. ఆయన నన్ను మేడమ్ అనేవారు. ముద్ర ఆయన టేబుల్ సొరుగులో తాళం వేసి ఉండేది. నా సంతకం అయిన కాగితం తీసుకెళ్తే వెంటనే వేసేవారు కాదు. కళ్ళజోడు తుడుచుకుని, ఇంగ్లీషు మాటల కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చదివేవారు. అర్థం కాని మాట ఉంటే అడిగేవారు. ఆయన చదవడం అయ్యేదాకా కొరియర్ తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి గోళ్ళు గిల్లుకుంటూ నిలబడాల్సిందే. నాకు ఒళ్ళు మండేది. నేను చూశాక మళ్ళీ ఈయన చూసేదేమిటని. "అన్నా, పరీక్ష రాస్తున్నారా?" అని వెక్కిరించేదాన్ని. ఆయన నవ్వి, ఇంకో నిమిషం ఎక్కువే తీసుకునేవారు.

ఇక మా కాలనీ నీళ్ళ సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా కాలనీకి మంచినీళ్ళ లైను లేదు. ఎండాకాలం వస్తే ట్యాంకర్ల కోసం కొట్టుకు చచ్చేవాళ్ళం. కాలనీ సంఘానికి నేను సెక్రటరీని. అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ఒకరోజు మాటల్లో మా డైరెక్టరు గారి దగ్గర ఏడ్చుకున్నాను. ఆయన అక్కడికక్కడే ఫోను తీసి మా ప్రాంతపు లీడరుతో మాట్లాడారు. రెండే నిమిషాలు. మూడు నెలల్లో పైపులు పడ్డాయి. లీడరు గారు స్వయంగా వచ్చి కుళాయి తిప్పారు. నేను స్టేజీ మీద ఆయనకు శాలువా కప్పాను, ఆయన నాకు కప్పారు. ఆ ఫోటో మా హాల్లో పెట్టుకున్నాను. కాలనీలో ఎవరు ఎదురుపడినా, మీ పుణ్యమా అని నీళ్ళొచ్చాయి అనేవాళ్ళు. ఆ రోజుల్లో నేను నేల మీద నడిచానని చెప్పలేను.

ఆ తర్వాతి వానాకాలంలో వచ్చింది ఆ ఆర్డరు. ఎక్కడో పరాయి దేశంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరి నుంచి, కొనేది కొత్త పార్టీ. నూట ఇరవై డ్రమ్ములు. కాగితాలన్నీ ముచ్చటగా ఉన్నాయి. మందుల ఫ్యాక్టరీ అన్నారు, ఫోటోలు పంపారు. గోడ, షట్టరు, పైన బోర్డు. నేను రెండుసార్లు ఫోన్ చేశాను, మర్యాదగా మాట్లాడారు. సరేననుకుని ఫైలు స్టోర్స్‌కు పంపాను, సరుకు సిద్ధం చేసుకోమని.

గంటలో ఆయన నన్ను పిలిపించారు. పిలిపించడం ఆయన అలవాటు కాదు. బయట జోరుగా వాన. గొడుగు మడిచి ఆయన టేబుల్ మీద పెట్టి, ఏమిటన్నా అన్నాను. ఆయన టేబుల్ మీద రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

"మేడమ్, గీ షట్టర్ నేను ఇంతకుముందు సూసిన."

రెండో ఫోటో మూడేళ్ళ కిందటి ఒక పాత ఫైల్లోది. వేరే కంపెనీ పేరు, వేరే బోర్డు. ఒకసారి సరుకు తీసుకుని మళ్ళీ అజాపజా లేకుండా పోయిన పార్టీ. ఆయన వేలితో చూపించారు. రెండు ఫోటోల్లోనూ షట్టరు కింది మూల ఒకేలా మడతపడి ఉంది. పక్కన గోడ మీద పెచ్చు ఊడిన చోట ఒకటే ఆకారం. కరెంటు డబ్బా ఒకటే, దాని మూత ఒకేలా వేలాడుతోంది.

"బోర్డు కొత్తది, షట్టర్ పాతదే. బోర్డు మారిస్తే కంపెనీ మారుతదా?"

నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది భయం కాదు, రోషం. నాకు కనపడనిది ఈయనకు కనపడిందే అని. ఆ రోషం దిగాక ఒళ్ళు జలదరించింది. పేర్లు మార్చుకుంటూ ఒకే గోడౌను చూపిస్తున్నవాళ్ళకు ఫ్యాక్టరీ ఉండదు. ఫ్యాక్టరీ లేనివాళ్ళు మా సరుకు ఏం చేసుకుంటారు? తిన్నగా నా గదికి వెళ్ళి ఒక పేజీ నోట్ రాశాను. స్టోర్స్ వారు ఈ అనుమానం చెప్పారు, రెండు ఫోటోలు జత చేస్తున్నాను, వివరణ వచ్చేదాకా సరుకు పంపకూడదు అని. రెండు ఫోటోలూ దానికే పిన్ను కొట్టి ఫైల్లో పెట్టాను. ఆయనకు చూపించాను కూడా. ఆయన వేలు పెట్టి చదివి, మంచిగ రాసిన్రు మేడమ్ అన్నారు. ఆ ఒక్క పూట నేను నా ఉద్యోగం చేశాను.

డైరెక్టరు గారికి చెబితే శ్రద్ధగా విన్నారు. మంచి పని చేశారమ్మా అన్నారు. రెండు రోజుల తర్వాత పిలిచి కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఆ పార్టీని మనకు పరిచయం చేసింది లీడరు గారి బంధువట. మన ఫ్యాక్టరీలో కట్టబోయే కొత్త బ్లాకు అనుమతుల ఫైలు లీడరు గారి చేతుల్లో ఉందట. ఇవి రెండూ వేరువేరు సంగతుల్లా చెప్పారు, మధ్యలో బిస్కెట్ల పళ్ళెం నా వైపు జరిపారు. తర్వాత, "నేను పంపమనడం లేదమ్మా. మీరు చూడండి. మీరెలా అంటే అలా" అన్నారు.

నేను ఇంకా గట్టిగానే ఉన్నాను. ఆ పార్టీని వివరణ అడుగుతూ ఒక మెయిలు సిద్ధం చేసుకున్నాను. పంపలేదు, రేపు పంపుదాం అనుకున్నాను. మర్నాడు పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది. లీడరు గారి పీఏ. శాలువాల రోజు తర్వాత ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"నీళ్ళు మంచిగొస్తున్నయా మేడమ్?"

వస్తున్నాయండి అన్నాను. ప్రెషర్ సరిపోతోందా అని అడిగాడు. సరిపోతోందన్నాను. సార్ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు, ఏ ఇబ్బంది ఉన్నా మొహమాటపడొద్దన్నారు అని చెప్పి పెట్టేశాడు. అంతే. డ్రమ్ముల ఊసు లేదు, పార్టీ పేరు లేదు, కొత్త బ్లాకు మాట లేదు. రేపు ఎవరైనా నన్ను బోనెక్కించి అడిగినా, ఆయన మా క్షేమం కనుక్కున్నాడనే చెప్పాలి.

క్యాబులో అంతంత లెక్చర్లు ఇచ్చిన నాకు ఆ రోజుదాకా తెలియని విషయం అది. పెద్ద దేశం చిన్న దేశాన్ని లొంగదీసుకోవాలంటే బల్ల గుద్దుతుందని, బెదిరిస్తుందని అనుకునేదాన్ని. అవసరం లేదు. ఎప్పుడో మనం కళ్ళకద్దుకుని పుచ్చుకున్నది ఒకటి ఉంటుంది, దాని బాగోగులు అడిగితే చాలు. నన్ను ఎవరూ తిట్టలేదు, ఉద్యోగం తీసేస్తామనలేదు. కాలనీలో కుళాయిలు ఆగిపోయి, జనం బిందెలతో మా గుమ్మం ముందు నిలబడటం నాకు నేనే ఊహించుకున్నాను. ఇంకా సిగ్గుమాలిన మాట ఒకటుంది, అదీ చెప్పేస్తాను. నీళ్ళు లేకపోవడం కన్నా, హాల్లో ఆ ఫోటో తీసేయాల్సి రావడం నన్ను ఎక్కువ భయపెట్టింది.

అయినా పెద్దవాళ్ళు అన్నీ చూసుకునే ఉంటారు అనుకున్నాను. గోడౌను ఒకటే అయినంత మాత్రాన ఏమైంది, అద్దెకు తీసుకుని ఉంటారు అనుకున్నాను. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి ఫైల్లోంచి నా నోట్ తీశాను. దానికి పిన్ను కొట్టి ఉన్న ఫోటోలతో సహా కాగితాలు చింపే మెషిన్లో పెట్టాను. మూడేళ్ళ కిందటి పార్టీ మెయిళ్ళు ఎప్పుడో పోయాయి, ఆ ఫోటో ఒక్కటే మిగిలిన కాపీ. కొత్త ఫోటో మళ్ళీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్నాను. 'ఆఖరి వాడకందారు ఎవరో పరిశీలించాం' అన్న ఉత్తరం మీద సంతకం పెట్టాను. చెయ్యి వణికిందని రాసుకుంటే బావుండేది. వణకలేదు.

ముద్ర మాత్రం మిగిలింది. నేనే తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు, వేలు పెట్టారు, చదివారు. తలెత్తి నా వైపు చూశారు. షట్టర్ సంగతేంది మేడమ్ అన్నారు. ఢిల్లీలో అనుమతులిచ్చే ఆఫీసుకు ఫోటోలు పంపించామన్నా, అక్కడ చూసి సరేనన్నారు అని చెప్పాను. ఢిల్లీకి ఎవరూ ఏమీ పంపలేదు.

"మీరే మాట్లాడిన్రా?"

"నేనే మాట్లాడానన్నా."

"గట్లయితే మంచిదే" అని సొరుగు తాళం తీశారు. ముద్రను ఇంకు ప్యాడ్ మీద అద్ది, నా సంతకం పక్కన నిటారుగా, ఎప్పటిలాగే జాగ్రత్తగా వేశారు. అన్నాళ్ళ పరిచయంలో ఆయన నా మాట మీద వేసిన ముద్ర అదొక్కటే, మిగతావన్నీ చదివి వేసినవే. ఆ వారంలోనే డ్రమ్ములు వెళ్ళిపోయాయి.

తర్వాత కొన్ని నెలలకు సరిహద్దులో గొడవలు మొదలయ్యాయి. మా కాలనీ మీదుగా విమానాలు రోజూ తిరిగేవే, ఆ రోజుల్లో వాటి చప్పుడుకు అందరం బయటికొచ్చి ఆకాశం వైపు చూసేవాళ్ళం. ఒక మధ్యాహ్నం సైరన్ మోగితే అందరూ లోపలికి వెళ్ళి తలుపులేసుకోవాలని ప్రాక్టీసు పెట్టాం. పెట్టింది ఇంకెవరు, సెక్రటరీని నేనే. సైరన్ మోగినా ఒకావిడ మేడ మీద వడియాలు తీసుకుంటూ ఉండిపోయింది. కింద నుంచి ఆవిణ్ణి నానా మాటలూ అన్నాను. దేశ భద్రత అంటే వేళాకోళంగా ఉందా, మీలాంటి వాళ్ళ వల్లే దేశం ఇలా ఉందని వీధి వీధంతా వినేలా కేకలేశాను. ఆవిడ బిత్తరపోయి వడియాల పళ్ళెం అక్కడే వదిలేసి లోపలికి పోయింది. ఆ మాటలన్నప్పుడు ఆ నూట ఇరవై డ్రమ్ములు నాకు గుర్తుకు కూడా రాలేదు. అంతగా మరిచిపోవడం మనిషికి ఎలా సాధ్యమో నన్ను అడగండి, చెబుతాను.

ఆ గొడవలు సద్దుమణిగాక ఇద్దరు అధికారులు మా ఆఫీసుకు వచ్చారు. చాలా నెమ్మదైన మనుషులు, మంచినీళ్ళు కూడా అడిగి తాగారు. మేం పంపిన ఊళ్ళో, మేం రాసిన చిరునామాలో ఫ్యాక్టరీ అనేదే లేదట. డ్రమ్ములు రేవులో దిగాయి. దిగాక ఎటు వెళ్ళాయో అక్కడి ప్రభుత్వానికి తెలియడం లేదు, వాళ్ళు మన ప్రభుత్వాన్ని అడుగుతున్నారు. పరిశీలించామని ఉత్తరం ఇచ్చారు కదా, ఏం పరిశీలించారో చూద్దామని వచ్చాం అన్నారు.

మీటింగు గదిలో డైరెక్టరు గారు, నేను, స్టోర్స్ ఆయన. పంపే ముందు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదా అని ఒక అధికారి అడిగారు. డైరెక్టరు గారు తన చేతి గడియారం వైపు చూసుకున్నారు. స్టోర్స్ ఆయన మాత్రం వెంటనే చెప్పారు.

"నాకొచ్చింది సార్. మేడమ్‌కు చెప్పిన. రెండు ఫోటోలు పక్కపొంటి పెట్టి చూపించిన. మేడమ్ కాగితం గూడ రాసిన్రు."

అధికారి ఫైలు మొదటి నుంచి చివరిదాకా తిప్పారు. మళ్ళీ తిప్పారు. పాత ఫైలు కూడా తెప్పించి చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "మేడమ్?" అన్నారు.

మాట బయటికొచ్చింది, ఎంతో మామూలుగా వచ్చింది.

"నాకు గుర్తు లేదండి."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. వచ్చి ఉంటే బతికిపోయేదాన్ని. ఆయన నేను నిజంగానే మరిచిపోయాననుకున్నారు. కుర్చీలో కొంచెం నా వైపు జరిగి, పిల్లలకు పాఠం అందించినట్టు అందించారు.

"యాద్ జేసుకోండ్రి మేడమ్. గా దినం వాన పడ్తుండె. మీరు గొడుగు నా టేబుల్ మీదనే పెట్టిన్రు. షట్టర్ మూల మలిగి ఉండె సూడుండ్రి, గది."

గుర్తుంది. గొడుగు నుంచి నీళ్ళు కారి ఆయన రిజిస్టరు తడిస్తే, ఆయన రుమాలుతో అద్దుకోవడం కూడా గుర్తుంది. ఒక్కసారి అబద్ధం చెప్పినవాళ్ళకు వెనక్కి తీసుకునే దారి ఉంటుంది, ఆయన ఆ దారి నా చేతిలో పెట్టారు. నేను బల్ల మీదున్న నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ, లేదన్నా, అలాంటిదేమీ గుర్తు లేదన్నాను. అప్పుడు ఆయనకు అర్థమైంది. ఆ తర్వాత ఎన్ని అడిగినా ఒకటే జవాబు చెప్పారు, ముద్ర నేనే వేసిన సార్ అని. మేడమ్ ఢిల్లీతో మాట్లాడానని చెప్పింది అనే మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తినా దానికీ గుర్తు లేదంటానని ఆయనకు తెలిసిపోయి ఉంటుంది.

ఆయన్ని పంపించేశారు. సరిగ్గా చూడకుండా ముద్ర వేసి, తప్పించుకోవడానికి పై ఆఫీసరు మీద కట్టుకథ చెప్పాడని కాగితంలో రాశారు. ఆ కాగితం ఇంగ్లీషు సరిదిద్దమని నా దగ్గరికే వచ్చింది. సరిదిద్దాను. నాకు ఒక హెచ్చరిక ఉత్తరం ఇచ్చి ఊరుకున్నారు. కొత్త బ్లాకుకు అనుమతి వచ్చింది. పద్ధతి కూడా మార్చారు. ఇద్దరి చేతుల్లో ఉండటం వల్లే ఇంత గందరగోళం అని డైరెక్టరు గారు తేల్చి, ముద్ర కూడా నా సొరుగులోకే పంపించారు. ఇప్పుడు రెండూ నావే. ఆ కాగితాలు చదివే రెండో మనిషి లేడు.

క్యాబులో నేను మాట్లాడటం మానేశాను. ఒంట్లో బాగాలేదా మేడమ్ అని మొదట్లో అడిగారు, తర్వాత హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టారు. రోజూ శామీర్‌పేట దాటుతున్నప్పుడు ఆయన ఊరికి తిరిగే రోడ్డు కనపడుతుంది. అప్పుడు ఫోన్లోకి తల దించేసేదాన్ని. ఎనిమిది నెలలు అలా దించుకున్నాను. ఎవరూ నన్ను పట్టుకోలేదు, ఎవరూ ఏమీ అనలేదు. అదే నన్ను తినేసింది. చివరికి ఒక ఆదివారం పొద్దున మా ఆయనకు గుడికని చెప్పి బయల్దేరాను. అది కూడా అబద్ధమే చూడండి. ఎంత అలవాటైపోయిందో.

దారిలో యాపిల్ పళ్ళు కొన్నాను. తప్పు చేసిన ఇంటికి ఏం పట్టుకెళ్ళాలో తెలియక, ఆస్పత్రికి వెళ్ళినట్టు వెళ్ళాను. ఆయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. రాండ్రి మేడమ్ అని లోపల నుంచి కుర్చీ తెప్పించారు. ఆయన భార్య చాయ తెచ్చిచ్చింది. ఆమె నా మొహం వైపు చూడలేదు, చాయ మాత్రం నిండుగా పోసింది. ఆయన పొద్దున చెరువు మీదికి వెళ్తున్నారట, మధ్యాహ్నాలు ఒక ఫంక్షన్ హాల్లో గేటు దగ్గర కూర్చుంటున్నారట. నేను అడిగినవాటికి చెప్పారు, ఫిర్యాదుగా చెప్పలేదు.

నేను దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా చెప్పాను. నోట్ నేనే చింపానని, ఢిల్లీ మాట అబద్ధమని, ఆ రోజు నాకు అన్నీ గుర్తున్నాయని. నీళ్ళ లైను సంగతి కూడా చెప్పబోయి, అది సాకులా వినపడి మధ్యలో ఆపేశాను. కావాలంటే రాసిస్తానన్నా, సంతకం పెట్టి ఇస్తానన్నా అన్నాను. ఆ మాట అంటుంటేనే నా మీద నాకు అసహ్యమేసింది. నా సంతకానికి ఆయన దగ్గర ఏం విలువని? ఆయన వల పక్కన పెట్టి అంతా విన్నారు. కోపం తెచ్చుకోలేదు, పరవాలేదు అని కూడా అనలేదు.

"నౌకరి ముచ్చట ఇడ్సిపెట్టుండ్రి మేడమ్" అన్నారు చివరికి. తర్వాత నేనెప్పుడూ వినని సంగతి చెప్పారు. వయసులో ఉన్నప్పుడు జీడిమెట్లలో ఒక చిన్న యూనిట్‌లో పని చేశారట. అది మూతపడి చాలా ఏళ్ళైంది. ఒకరోజు పక్కనే పని చేస్తున్న మనిషి, లోపల ఏముందో తెలియక ఒక డ్రమ్ము మూత తీశాడు. డ్రమ్ము మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి.

"సుట్టూ గాలి మస్తుంది మేడమ్. గని ఆయనకు అందుతలేదు. నా సెయ్యి గట్టిగ పట్టుకున్నడు. నేను సూస్తుండంగనే పోయిండు. గప్పటి సంది కాగితం సదవకుంట నేను దేన్నీ పోనియ్యలే."

ఆయన అరచేయి ఒకసారి చూసుకున్నారు. నేను చాయ గ్లాసు కింద పెట్టేశాను. ఆయన నెమ్మదిగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగారు.

"గా డ్రమ్ములు ఏడికి పోయినయి మేడమ్?"

"తెలియదన్నా."

"ఎవ్వరికి ఎర్కలేదా?"

"అధికారులు మళ్ళీ రాలేదు. దొరికాయని ఎవరూ చెప్పలేదు."

"మీకు గూడ ఎర్కలేదా?"

లేదన్నాను. ఆయన మొహం ఆ క్షణంలో మారిపోయింది. మీటింగు గదిలో నేను గుర్తు లేదన్నప్పుడు కూడా అంతగా మారలేదు.

"ఇన్ని దినాలు మీకైన ఎర్కుంటదనుకున్న. నాకు చెప్తలేరు గని మేడమ్‌కు ఎర్కనే, ఎర్క లేకుంట పంపరు, ఏదో మందుల కంపెనీకే పోయుంటయని మనసుకు చెప్పుకున్న."

ఇంటి లోపల ఆయన భార్య గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడుతోంది. ఆయన మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నారు గానీ పని చేయలేదు, ఊరికే పట్టుకుని కూర్చున్నారు. నేను కూడా ఇన్నాళ్ళూ మా డైరెక్టరు గారికి తెలిసే ఉంటుందనుకున్నాను. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.